కుట్టు దారం మీద పరిశోధనలన్నీ ఒకచోట: బహిరంగ డేటాబేస్ కడదామా?

పోగులెక్క:
అందరికీ నమస్కారం. నేను దుస్తుల టెస్టింగ్ ల్యాబ్‌లో పని చేస్తాను, ఎక్కువగా కుట్టు బలం పరీక్షలు. కుట్టు దారం మీద పరిశోధన వ్యాసాలు చాలానే వచ్చాయి గానీ ఏ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేం. కోర్‌స్పన్ దారంతో (లోపల పాలిస్టర్ ఫిలమెంట్, చుట్టూ నూలు) కుట్టు గట్టిగా వచ్చిందని ఒకరు రాస్తారు, స్పన్ పాలిస్టర్‌కీ (పొట్టి పాలిస్టర్ పీచుతో వడికినది) దానికీ పెద్ద తేడా లేదని ఇంకొకరు రాస్తారు, తీరా లోపలికెళ్లి చదివితే ఒకరు కుట్టింది డెనిమ్ మీద, ఇంకొకరిది పల్చటి చొక్కా గుడ్డ. పైగా చాలా వ్యాసాలు డబ్బు కడితేగానీ తెరుచుకోవు. అందుకని వీటి వివరాలన్నీ ఒకచోట చేర్చి, ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకునేలా డేటాబేస్ కడితే ఎలా ఉంటుందా అని. నాకు కుట్టు తెలుసు, ఎక్సెల్ తెలుసు, డేటాబేస్ అంటే మాత్రం కాస్త బెదురు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏయే కాలమ్‌లు పెట్టాలి?

కేటలాగు:
మంచి ఆలోచనండీ. ఒకటి ముందే చెప్పేస్తాను, వ్యాసాల పేర్లు, రచయితలు, సంవత్సరాలు ఇవన్నీ కూర్చుని టైప్ చేయకండి. ఆ పని ఎప్పుడో అయిపోయింది. క్రాస్‌రెఫ్ 2000 నుంచి ప్రచురణకర్తల దగ్గర వివరాలు తీసుకుని డీఓఐలు, అంటే ఒక్కో వ్యాసానికి ఒక్కో శాశ్వత గుర్తింపు సంఖ్య, ఇస్తోంది. ప్రోగ్రాములు ఆ వివరాలు తీసుకునే దారి, అంటే దాని ఏపీఐ, ఉచితం. మైక్రోసాఫ్ట్ అకడమిక్ 2021 చివర్లో మూతపడగానే దాని స్థానంలో ఓపెన్‌అలెక్స్ 2022 జనవరిలో మొదలైంది. ఇప్పుడు అందులో 25 కోట్లకు పైగా రచనల వివరాలున్నాయి, డేటా అంతా సీసీ0 కిందే, అంటే ఎవరు ఎలా వాడుకున్నా అడిగేవాళ్లు లేరు. వ్యాసం ఉచిత ప్రతి ఎక్కడైనా ఉందా అనేది అన్‌పేవాల్ చెబుతుంది. కాబట్టి గ్రంథ వివరాల వరకు డీఓఐ ఒక్కటి పట్టుకుంటే చాలు, మిగతావన్నీ దానంతటవే వస్తాయి. మీ శ్రమంతా వాటిలో లేనిదాని మీద పెట్టండి.

కట్టింగ్ మాస్టర్:
వాటిలో లేనిదంటే ఏంటండీ? నాకు సూటిగా చెప్పండి. నేను రోజూ కుట్టించేవాణ్ణి. ఈ గుడ్డకి ఏ దారం, ఏ సూది, అంగుళానికి ఎన్ని కుట్లు, నాకు కావాల్సింది అంతే. వెయ్యి వ్యాసాల పేర్ల జాబితా నా చేతిలో పెడితే దాన్నేం చేసుకోను.

పోగులెక్క:
మాస్టారూ, సరిగ్గా అదే నా బాధ కూడా. జాబితా కాదు, ప్రతి వ్యాసంలోంచి ఏ దారం, ఏ గుడ్డ, ఏ కుట్టు, ఎంత బలం వచ్చింది అనేది బయటికి తీసి వరసల్లో పెట్టాలని.

జిగ్‌జాగ్:
నేను ఈ సబ్జెక్టులోనే పీహెచ్‌డీ చేస్తున్నాను, కాబట్టి ఎక్కడ కాలు జారుతుందో చెప్తాను. మొదటి గొయ్యి దారం మందం. ఒకరు 40/2 అని రాస్తారు, ఒకరు టికెట్ 120 అంటారు, ఒకరు టెక్స్ 27, పాత వ్యాసాల్లో డెనియర్. టెక్స్ అంటే 1000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అది, డెనియర్ అంటే 9000 మీటర్లకి. టెక్స్ పెరిగితే దారం లావు, కానీ కాటన్ కౌంట్ దానికి తలకిందులు, అంకె పెరిగితే దారం సన్నం. 590.5ని కౌంట్‌తో భాగిస్తే టెక్స్ వస్తుంది. 40/2 అంటే 40 కౌంట్ పోగులు రెండు పేటలుగా పురి వేసినది, కలిపి 20 కౌంట్ కింద లెక్క, అంటే సుమారు టెక్స్ 29.5. ఈ పేటల సంగతి మర్చిపోయి 40తోనే భాగిస్తే సగం వస్తుంది, అలా వేసిన లెక్కలు కూడా కనిపిస్తాయి.

టికెట్ నంబరైతే, అంటే కంపెనీలు దారానికి పెట్టే సైజు నంబరైతే, ఇంకా తలనొప్పి. 3000ని టికెట్‌తో భాగిస్తే టెక్స్ అన్నది ఉజ్జాయింపు సూత్రం. టికెట్ 120కి లెక్క ప్రకారం 25 రావాలి, కానీ అదే నంబరుతో అమ్మే దారాలు కొన్ని 24 ఉంటాయి, కొన్ని 27 ఉంటాయి. అందుకని నా సలహా, రెండు కాలమ్‌లు పెట్టండి: వ్యాసంలో ఉన్నది ఉన్నట్టు ఒకటి, మనం టెక్స్‌లోకి మార్చినది ఒకటి. మార్చింది మనమేనన్న గుర్తు కూడా ఉండాలి. ఉన్నది చెరిపేసి మార్చినది మాత్రమే ఉంచారా, తర్వాత ఎవరూ సరిచూసుకోలేరు.

బాబిన్ కేసు:
ఇంట్లో మిషన్ మీద కుట్టేదాన్ని, మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమనుకోకండి. దారం ఎంత పడుతుందో కూడా ఈ డేటాబేస్‌లో ఉంటుందా? ఓవర్‌లాక్ వేస్తే కోన్లు కోన్లు మింగేస్తుంది.

జిగ్‌జాగ్:
ఉండాలి మేడమ్, దాని మీద కూడా వ్యాసాలున్నాయి. మామూలు లాక్‌స్టిచ్‌కి, అంటే 301కి, మీటరు కుట్టుకు దాదాపు 2.5 మీటర్ల దారం అని పరిశ్రమలో వాడే లెక్క. రెండు దారాల చైన్‌స్టిచ్ 401కి సుమారు 5.5. మూడు దారాల ఓవర్‌లాక్ 504కి 14 దాకా. మీ కోన్లు ఎటు పోతున్నాయో అర్థమైందిగా. గుడ్డ మందం, కుట్ల దగ్గరితనం, ఓవర్‌లాక్‌లో అంచు వెడల్పు మారితే ఈ అంకెలూ మారతాయి, కాబట్టి ఇవి కూడా ఒట్టి అంకెలుగా కాకుండా ఆ వివరాలతో పాటే ఎక్కాలి.

శూన్యసెల్:
నేను ప్రోగ్రామర్‌ని, కుట్టు గురించి ఓనమాలు రావు. కానీ పైన 301, 401, 504 అన్నారే, అవి ఎవరు పెట్టిన నంబర్లు? ప్రామాణికమైనవైతే డేటాబేస్‌కి పండగే.

జిగ్‌జాగ్:
అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4915. అందులో ప్రతి కుట్టు రకానికీ మూడంకెల నంబరుంది. గుడ్డ ముక్కల్ని ఎలా పేర్చి కలిపారన్నదానికి, అంటే సీమ్ రకానికి, ఐఎస్ఓ 4916. వ్యాసంలో నంబరు లేకుండా 'ప్లెయిన్ సీమ్' అని వదిలేస్తే మనం ఊహించి నింపకూడదు, ఖాళీగా వదిలేసి 'చెప్పలేదు' అని గుర్తు పెట్టాలి.

శూన్యసెల్:
ఖాళీ, సున్నా, 'చెప్పలేదు', 'వర్తించదు' ఈ నాలుగూ నాలుగు వేర్వేరు సంగతులు. నా పేరే అది :) సీఎస్వీలో (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టిక) ఇవి కలిసిపోతే ఆరు నెలల తర్వాత సగటు తీసేవాడు ఖాళీల్ని సున్నాలనుకుని లెక్క కడతాడు.

కేటలాగు:
డీఓఐ పట్టుకుంటే చాలన్నాను కదా, దాంట్లోనూ రెండు మెలికలున్నాయి. డీఓఐలో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా లేదు, రెండూ ఒకటే. కానీ కంప్యూటర్ వాటిని వేరుగా చూస్తుంది. ఒకరు లింకుగా పేస్ట్ చేస్తారు, ఒకరు ముందు 'డీఓఐ:' అని తగిలిస్తారు, ఒకరు చివర ఫుల్‌స్టాప్‌తో సహా కాపీ కొడతారు. ఒకే వ్యాసం నాలుగు వరసల్లో కూర్చుంటుంది. అన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చి, ముందు తోకలూ వెనక తోకలూ కత్తిరించి అప్పుడే లోపలికి పంపండి. రెండోది, పాత టెక్స్‌టైల్ పత్రికల్లో, సదస్సు సంచికల్లో చాలా వ్యాసాలకి డీఓఐ అసలే ఉండదు. వాటికి శీర్షిక, సంవత్సరం, మొదటి పేజీ కలిపి మనమే ఒక గుర్తు ఇచ్చుకోవాలి. రచయితల పేర్ల జోలికి మాత్రం ఎక్కువ పోకండి. ఓర్కిడ్, అంటే ఒక్కో పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు నంబరు, వచ్చిందే 2012లో, అంతకు ముందువాళ్లలో ఎవరు ఎవరో తేల్చే పని పెట్టుకుంటే జీవితం అక్కడే తెల్లారుతుంది.

ఇంకోటి, వెనక్కి తీసుకున్న వ్యాసాలు. అలాంటివాటిని నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాను 2023లో క్రాస్‌రెఫ్ కొని అందరికీ తెరిచేసింది. దాంతో మన జాబితాను అప్పుడప్పుడూ సరిపోల్చుకుంటే చాలు, అలాంటి వరసల్ని తీసేయకుండా గుర్తు పెట్టి ఉంచండి.

పేకపడుగు:
ఆలస్యంగా చూశాను. నేత విభాగంలో పాఠాలు చెబుతాను. మీరంతా కుట్టు బలం ఒక్క అంకె అన్నట్టు మాట్లాడుకుంటున్నారు, అక్కడే ఆగాలి. కుట్టిన ముక్కను మిషన్‌లో పెట్టి లాగితే మూడు రకాలుగా పోవచ్చు. దారం తెగొచ్చు. గుడ్డే చిరగొచ్చు. లేదా దారమూ తెగదు, గుడ్డా చిరగదు, కుట్టు పక్కన పడుగు పోగులో పేక పోగులో జరిగి పిగిలిపోతుంది, జారుడు నేత ఉన్న పాలిస్టర్, పట్టు గుడ్డల్లో ఇది మామూలే. ఈ మూడింటికీ మిషన్ ఇచ్చేది న్యూటన్లలో ఒక అంకే. గుడ్డ చిరిగినప్పుడు వచ్చిన అంకె దారం బలం గురించి ఏమీ చెప్పదు, దారం కనీసం అంతకు తట్టుకుందని మాత్రమే చెబుతుంది. పోగులెక్క గారు మొదట్లో చెప్పారే, ఒకరు తేడా ఉందన్నారు ఒకరు లేదన్నారు అని. పల్చటి గుడ్డ మీద రెండు దారాలతోనూ గుడ్డే చిరిగిపోతే తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

కాబట్టి 'ఎలా పోయింది' అన్న కాలమ్ లేకపోతే మీ డేటాబేస్‌లో సీమ్ ఎఫిషియెన్సీ (గుడ్డ బలంలో కుట్టు బలం ఎంత శాతం అన్నది) అంకెలు ఎన్ని పోగేసినా దండగ. నేనైతే ఆ వివరం లేని వ్యాసాల్ని చేర్చుకుంటాను గానీ సగటుల్లోకి రానివ్వను.

పోగులెక్క:
సార్, ఇది చదివాక మా ల్యాబ్ రిపోర్ట్ ఫారం తీసి చూశాను, అందులో ఆ గడి ఉంది, మేం రోజూ నింపుతాం కూడా. వ్యాసాలు రాసేవాళ్లే దాన్ని వదిలేస్తున్నారు.

జిగ్‌జాగ్:
అందరూ వదిలేయరు, కొందరు పాఠంలో ఒక వాక్యంగా రాస్తారు, పట్టికలో ఉండదు. అందుకే పట్టిక ఒక్కటే చూసి నింపితే కుదరదు.

పరీక్ష ప్రమాణం కాలమ్ కూడా తప్పనిసరి. ఐఎస్ఓ 13935 మొదటి భాగం స్ట్రిప్ పద్ధతి, అంటే ముక్క వెడల్పంతా దవడల్లో పట్టుకుని లాగడం. రెండో భాగం గ్రాబ్ పద్ధతి, మధ్యలో కొంత మేరే పట్టుకుంటారు. ఈ రెండు అంకెల్ని పోల్చకూడదు. కొందరేమో అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం డి1683 వాడతారు. ఇక పిగిలిపోవడానికి ఐఎస్ఓ 13936. అందులో మొదటి భాగం ప్రకారం ఇంత సందు తెరుచుకోడానికి ఎంత బలం కావాలో కొలుస్తారు, ఫలితం న్యూటన్లలో. రెండో భాగంలో ఇంత బలానికి ఎంత సందు తెరుచుకుందో చూస్తారు, ఫలితం మిల్లీమీటర్లలో. ఒకదాంట్లో అంకె పెద్దదైతే మంచిది, ఇంకోదాంట్లో చిన్నదైతే మంచిది. రెండూ ఒకే కాలమ్‌లో వేశారో, దేవుడే దిక్కు.

శూన్యసెల్:
అయితే ఒకే పెద్ద షీటు పనికిరాదు. మూడు పట్టికలు చేయండి. మొదటిది ప్రచురణ, వ్యాసానికి ఒక వరస. రెండోది ప్రయోగం, అంటే ఒక దారం, ఒక గుడ్డ, ఒక కుట్టు కలయికకి ఒక వరస, ఒక్కో వ్యాసంలో ఇవి ఇరవై ఉండొచ్చు. మూడోది కొలత, అందులో ఏం కొలిచారు, అంకె, యూనిట్, ప్రమాణం, ఎన్ని ముక్కల సగటు, ఎలా పోయింది. ఫైళ్లు మామూలు సీఎస్వీలే. సర్వర్, వెబ్‌సైట్ ఏవీ ఇప్పుడొద్దు, చిటికెన వేలంత డేటాకి సర్వర్ పెట్టి దాన్ని కాపాడుకోలేక చచ్చిన ప్రాజెక్టులు బోలెడు. వెతకాలనిపిస్తే ఎస్‌క్యూలైట్‌లోకి (ఒకే ఫైల్‌గా ఉండే చిన్న డేటాబేస్) ఎక్కించుకుంటారు. విడుదల చేసిన ప్రతిసారీ జెనోడోలో పెట్టండి, సెర్న్ నడిపే ఉచిత భాండాగారం, 2013 నుంచి ఉంది. ప్రతి కూర్పుకీ విడిగా డీఓఐ ఇస్తుంది, మనందరం విసిగిపోయి వదిలేసినా ఫైళ్లు అక్కడుంటాయి.

ఒక వరస ఎలా ఉంటుందో ఊరికే ఊహించి రాస్తున్నా, అంకెలు నిజమైనవి కావు: ప్రయోగం గుర్తు 0007-03, దారం కోర్‌స్పన్, వ్యాసంలో 'టికెట్ 75', టెక్స్ 40, మార్చింది మనం, కుట్టు 301, సెంటీమీటరుకు 4 కుట్లు, సూది ఎన్ఎం 90, మిషన్ వేగం చెప్పలేదు, కొలత 310 న్యూటన్లు, ప్రమాణం 13935-2, 5 ముక్కల సగటు, దారం తెగింది, పట్టిక 4, పేజీ 6. చివరి రెండూ ముఖ్యం, ఎక్కణ్ణుంచి తీశారో లేకపోతే ఎవరూ సరిచూడరు.

కట్టింగ్ మాస్టర్:
ఇప్పుడు దారిలోకి వచ్చారు. ఎన్ఎం 90 అంటే సూది కాడ 0.9 మిల్లీమీటర్లు, పాత లెక్కలో 14 నంబరు సూది, అది బాగానే పట్టుకున్నారు తమ్ముడూ. కానీ 'మిషన్ వేగం చెప్పలేదు' అని తేలిగ్గా వదిలేయకండి. నిమిషానికి 4000, 5000 కుట్లు వేసే మిషన్ మీద సూది కాలిపోతుంది. దారం తెగినప్పుడు నేను మొదట చూసేది తెగిన కొస. వేళ్ల మధ్య పెట్టి నలిపి చూస్తే గుండుసూది తలకంటే చిన్న గట్టి పూస తగిలిందంటే అది కరిగి తెగినట్టు. కొస పీచుపీచుగా విచ్చుకుని ఉంటే రాపిడి, సూది బెజ్జం అరిగిందో, సూది సన్నదై దారం లావైందో. కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంటే హుక్‌కి ఎక్కడో గరుకు లేచింది. మా దగ్గర కొత్త కుర్రాళ్లు ఏది తెగినా ముందు టెన్షన్ స్క్రూ తిప్పుతారు, దాంతో కుట్టు ముడతలు పడుతుంది, అప్పుడు రెండు సమస్యలు.

ఈ కొస ఎలా ఉందో రాసిన వ్యాసాలేమైనా ఉన్నాయా?

పేకపడుగు:
మాస్టారూ, ఉన్నాయి. తెగిన కొసల్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసి రాసినవి కూడా ఉన్నాయి, మీరు వేళ్లతో నలిపి చూసేదే వాళ్లు ఫొటోలో చూపిస్తారు. పాలిస్టర్ 250, 260 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, నైలాన్ 6 ఇంకా ముందే, 220 దగ్గర. నూలు కరగదు, మాడుతుంది. కోర్‌స్పన్‌లో పాలిస్టర్ ఫిలమెంట్ చుట్టూ నూలు కప్పేది ఒక కారణంగా ఇందుకే. దారానికి సిలికాన్ పూత పూసేదీ ఇందుకే. ఇంకో సంగతి, దారం కుట్టులో కూర్చునే లోపు అదే ముక్క సూది బెజ్జంలోంచి పదుల సార్లు ముందుకూ వెనక్కూ రాసుకుంటుంది. అందుకని కోన్ మీదున్న దారం బలం వేరు, కుట్టులోంచి విప్పి తీసిన దారం బలం వేరు. కొలతల పట్టికలో ఇవి రెండు విడి రకాలుగా ఉండాలి.

పురి ఏ దిశలో తిప్పారో, ఎస్సా జెడ్డా, అది కూడా చేర్చండి. లాక్‌స్టిచ్‌కి మామూలుగా జెడ్ పురి దారమే వాడతారు, ఎస్ పురి అయితే హుక్ తిరిగే తీరుకి పురి విప్పుకుంటుంది.

బాబిన్ కేసు:
అమ్మో, కాలమ్‌లు పెరిగిపోతున్నాయి, ఇవన్నీ ఎవరు నింపుతారండీ?

శూన్యసెల్:
ఈ రోజుల్లో ఏఐకి పీడీఎఫ్ ఇస్తే అదే నింపుతుంది కదా.

జిగ్‌జాగ్:
ఇస్తే నింపుతుంది, నిజమే, అదే భయం. ఖాళీ వదలాల్సిన చోట కూడా నమ్మేలా నింపుతుంది. దారం దృఢత్వం ఒక పట్టికలో గ్రామ్ పర్ డెనియర్‌లో ఉంటుంది, ఇంకో పట్టికలో సెంటీన్యూటన్ పర్ టెక్స్. ఒక గ్రామ్ పర్ డెనియర్ అంటే దాదాపు 8.83 సెంటీన్యూటన్ పర్ టెక్స్. పాత వ్యాసాల్లో బలం కిలోల్లో ఉంటుంది, న్యూటన్లు కావాలంటే 9.81తో గుణించాలి. శీర్షికలో యూనిట్ లేకుండా కింద ఫుట్‌నోట్‌లో పెట్టేవాళ్లుంటారు. మనిషి చూసినా తడబడే చోట్లివి. ఏఐతో మొదటి చిత్తు తీయించండి, వద్దనను, కానీ ఇద్దరు మనుషులు ఒకరిది ఒకరు చూడకుండా అసలు వ్యాసంతో సరిచూడాలి, తేడా వచ్చిన గడులు మూడో మనిషి దగ్గరికి వెళ్లాలి.

శూన్యసెల్:
అంత చేస్తే నెలకి పది వ్యాసాలు కూడా కావు అన్నా.

పేకపడుగు:
కాకపోనీ. నమ్మగల యాభై వ్యాసాలున్న చోటికి నేను నా విద్యార్థుల్ని పంపిస్తాను. ఐదు వేలున్నా నమ్మలేనిచోటికి పంపను.

శూన్యసెల్:
ఒప్పుకోను సార్. వెతకడానికి వెడల్పు కావాలి. నా మాటేమిటంటే ప్రచురణల పట్టికలో దొరికినవన్నీ పెడదాం, ఐదు వేలైనా సరే, కొలతల పట్టికలోకి మాత్రం ఇద్దరు చూసినవే వస్తాయి. ప్రతి వ్యాసానికీ 'కొలతలు తీశాం, తీస్తున్నాం, తీయలేదు' అని ఒక స్థితి. ఎవరికి ఏది కావాలో అది తీసుకుంటారు.

కేటలాగు:
వెడల్పు అన్నారు కాబట్టి, ఓపెన్‌అలెక్స్‌లో ఇంగ్లిష్‌లో ఉత్త 'సీమ్' అని కొడితే బొగ్గు గనులు వస్తాయి, 'త్రెడ్' అంటే మరమేకులూ ప్రాసెసర్లూ, 'నీడిల్' అంటే ఇంజెక్షన్లు. 'సీమ్ పకర్', 'స్యూయింగ్ త్రెడ్', 'సీమ్ స్లిపేజ్', 'లాక్‌స్టిచ్' లాంటి జంట మాటలతో మొదలెట్టి, దొరికిన మంచి వ్యాసాలు ఎవర్ని ఉదహరించాయో, వాటిని ఎవరు ఉదహరించారో పట్టుకుని వెళ్లండి. వాడిన వెతుకుడు మాటలు, తేదీతో సహా, డేటాతో పాటే ఒక ఫైల్‌లో ఉంచండి. మీరు ఏం వదిలేశారో తెలియాలంటే అదొక్కటే దారి.

పోగులెక్క:
కాపీరైట్ సంగతేంటి? పీడీఎఫ్‌లు కూడా పెట్టొచ్చా?

కేటలాగు:
పెట్టకండి, రచయిత పేరు చెప్పి పంచుకోవచ్చనే సీసీ బై లాంటి లైసెన్సుతో వచ్చినవి తప్ప. 'ఉచితంగా చదవొచ్చు' అంటే 'మళ్లీ పంచొచ్చు' అని కాదు. కొలతలు వాస్తవాలు, అంకెలు, వాటిని మన మాటల్లో మన పట్టికలో రాసుకోవచ్చు. సారాంశాలు వేరు, అవి ఎవరో రాసిన వాక్యాలు, ఓపెన్‌అలెక్స్ కూడా వాటిని వాక్యాలుగా ఇవ్వదు, ఏ మాట ఎన్నో స్థానంలో ఉందో చెప్పే సూచికగా మార్చి ఇస్తుంది. మీరు సారాంశం జోలికి పోకుండా లింకు ఇస్తే సరిపోతుంది. ఇంకా, డబ్బు తీసుకునే డేటాబేస్‌లోంచి గంపగుత్తగా దించి ఇందులో పోయకండి. ఐరోపాలో 1996 నుంచి డేటాబేస్ కూర్చినందుకే విడిగా హక్కుంది, ఒక్కో అంకెకి కాపీరైట్ లేకపోయినా. మన డేటాకి సీసీ0 పెట్టండి. 'వాణిజ్యానికి వద్దు' అని పెట్టారంటే మాస్టర్ గారిలాంటి వాళ్లు వాడుకోవచ్చో లేదో తేలక ఆగిపోతారు.

కట్టింగ్ మాస్టర్:
నాకు కావాల్సింది అడిగేస్తున్నా. చివరికి నేను గుడ్డ బరువు, కుట్టు రకం కొడితే ఏ దారం వాడాలో చూపిస్తుందా?

జిగ్‌జాగ్:
చూపించదు మాస్టారూ, అలా చూపిస్తే నమ్మకండి కూడా. మీ గుడ్డకి దగ్గరగా ఉన్న గుడ్డ మీద ఎవరు ఏం కుట్టారు, ఎంత దగ్గర ఎలా పోయింది అని చూపిస్తుంది. వాళ్లు నేత గుడ్డ మీద చేసింది మీరు అల్లిక గుడ్డకి తీసుకుంటే పని చేయదు, అల్లికకు దారం బలం కన్నా సాగుడు ముఖ్యం, కుట్టు గుడ్డతో పాటు సాగకపోతే పటుక్కుమంటుంది.

కట్టింగ్ మాస్టర్:
అది చాలు. మిగతా బేరీజు నేను వేసుకుంటా. సూది నంబరు, మిషన్ వేగం లేని వ్యాసాల్ని వేరే రంగులో చూపించండి, నేను వాటిని దాటేసుకుంటా.

పోగులెక్క:
సరే, రేపు మూడు ఖాళీ సీఎస్వీలు, కాలమ్‌ల వివరణతో ఒక ఫైల్ పెడతాను. 'ఎలా పోయింది' గడిలో నాలుగే మాటలు: దారం తెగింది, గుడ్డ చిరిగింది, పిగిలింది, చెప్పలేదు. మొదట లాక్‌స్టిచ్ 301, నేత గుడ్డలు, 13935-2 ప్రకారం చేసినవి మాత్రమే తీసుకుందాం, ఓవర్‌లాక్ తర్వాత. బాబిన్ కేసు గారూ, దారం వాడకం వ్యాసాలు మర్చిపోలేదు, ప్రచురణల పట్టికలో అవి మొదటి రోజు నుంచే ఉంటాయి. సరిచూడటానికి ఇద్దరు కావాలి, ఎవరు వస్తారు?

బాబిన్ కేసు:
నేను వస్తాను. యూనిట్లు రావు గానీ, పట్టికలో అంకె షీట్‌లో అంకెతో కలిసిందో లేదో చూడటం వచ్చు.

పేకపడుగు:
రెండో పేరు నాది రాసుకోండి. 'పిగిలింది' పక్కన ఏ వైపు పోగులు జరిగాయో, పడుగా పేకా, అది కూడా అడగండి, చాలామంది రాస్తారు.

శూన్యసెల్:
ఇంకో కాలమా సార్ :)

పేకపడుగు:
అవును.